కంప్యూటర్ ఫిడేళ్ళూ బావ పద్యమూ

మార్చి 4, 2003

ఛీ. పొద్దున్నుంచి అవే ఫిడేళ్ళు. ఎక్కడో చల్లటి దేశంలో, పెద్ద హాల్లో ఒక గుంపు ఒక్కో స్వరమే వాయించి సీడీకి పట్టిచ్చిందట. సీడీ అట్ట మీద నల్లకోట్ల ఫోటో కూడా వేశారు. ఇక్కడ నా రికార్డింగు గదిలో కంప్యూటరుకు ఆ సీడీ ఎక్కించి కీబోర్డు మీద కీ నొక్కితే మాత్రం ఒక్కడే వస్తాడు, జలుబు చేసినవాడిలా. ఇంకో కీ నొక్కితే మళ్ళీ వాడే. పది కీలు నొక్కితే వాడే పదిసార్లు. దీని కోసం బెంగళూరు దాకా పోయి వచ్చాను.

పియానో ఇంకా ఘోరం. ఒకే స్వరం వరసగా కొడితే ప్రతి దెబ్బా అచ్చుగుద్దినట్టు ఒకటే. మనిషి వేలు ఏనాడైనా అలా పడుతుందా?

ఫ్యాను ఆపితే చెమట. వేస్తే మైకులో గాలి. ఎండ అప్పుడే మొదలు.


మార్చి 6

బత్తలపల్లె ఆయన వచ్చాడు, నా దగ్గర చేయించుకుంటున్న భక్తి క్యాసెట్ వినడానికి. సగంలో ఉంది, ఇంకా ఏమీ సరిచేయలేదు అని చెబుతూనే ఉన్నాను. కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు...

"ఏమప్పా, వంద మంది కూచోని వాయిస్తాండట్లే ఉండాది! యాడ దొరికినారప్పా ఇంతమంది?"

ఒక్కడూ లేడన్నా, అదంతా డబ్బాలోంచి వస్తున్న కూత, అందామనుకున్నాను. అనలేదు. టీ తెప్పించాను. ఆయన మెచ్చుకున్న కొద్దీ నాకు ఒళ్ళు కంపరమెత్తింది. చెత్తను చెత్త అని చెప్పేవాడు ఒక్కడైనా ఉంటే నాకీ అసహ్యం కొంచెం తగ్గేది.


మార్చి 9

సోమందేపల్లె నుంచి అక్క ఫోను. ఏడవటం లేదు. అందుకే భయమేసింది.

బావ గొంతు దీపావళి నుంచి బొంగురుగానే ఉంది. నాటకాల మనిషి, గొంతు పోవడం రావడం మామూలే అని ఎవరమూ పట్టించుకోలేదు. బెంగళూరు డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపాడు. అదే జబ్బు. స్వరపేటిక మొత్తం తీసేయాలట. ఉగాది దాటాక ఆపరేషను.

"తీసేస్తే మనిషి బతుకుతాడని చెప్పినారు. గొంతు మాత్రం ఉండదంట, రఘూ."

 ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ చెత్త ఫిడేళ్ళే వాయిస్తూ కూర్చున్నాను.


మార్చి 10

ఇవాళ బావే ఫోను చేశాడు. గొంతు గరగరమంటోంది. మాట్లాడొద్దు బావా అంటే వినడే.

"రఘూ, నాదొక పద్యం టేపులో పట్టియ్యప్పా. ఇది పొయ్యే లోపల."

వీలైనంత తొందరగా రమ్మన్నాను. అప్పుడు అసలు సంగతి...

"ఉత్త హార్మోనియంతో వొద్దు. పెద్ద మేళం ఉండల్ల. ఫిడేళ్ళు, పియానో, సినిమా మాదిరి. ఇన్నేండ్లు ఆ ఓబులేసు పెట్టె పక్కన నిలబడుకోని పాడి పాడి చెవులు పొయినాయి. ఒక్కసారన్నా రాజు మాదిరి పాడల్ల."

ఓబులేసు వాళ్ళ నాటకానికి హార్మోనిస్టు. పాడేవాడి గొంతు కంటే తన పెట్టె గట్టిగా వినపడాలని చూసే రకం. బావ చెప్పింది అబద్ధం కాదు.

రాజు పద్యమే కావాలట. ఊరి అయ్యవారు రాసిచ్చిన నాటకం, ఆ చుట్టుపక్కల నాలుగు మండలాలు దాటితే ఎవరికీ తెలియదు. కరువులో దేశం వదిలి పోదామన్న మంత్రికి రాజు చెప్పే జవాబు. నాలుగు పాదాలు. నాలుగో పాదం చివర రాగం తీస్తాడు బావ... ఆ రాగం ఎక్కడ ఆగుతుందో ఆయనకే తెలియదు. జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఆగగానే వన్స్‌మోర్.

ఒక్క క్యాసెట్ ముక్క లేదు ఆ గొంతుది.


మార్చి 13

పట్టేశాం.

బావ పొద్దున్నే బస్సు దిగాడు. మెడకు మఫ్లరు, ఈ ఎండలో. చేతిలో ఫ్లాస్కు, వేడినీళ్ళు. కిటికీలకు బొంతలు కట్టాను, ఫ్యాను ఆపాను, హెడ్‌ఫోను పెట్టాను. క్లిక్ వదిలాను — టక్, టక్, టక్.

అదిరిపడ్డాడు. "ఇదేందప్పా! చెవులో వడ్రంగి సుత్తి ఏస్తాండాడు."

తాళం బావా, దాని వెంబడి పాడాలి, అన్నాను.

"పద్యానికి తాళం ఏందిరా? పద్యం నేను పాడితే ఆ ఓబులేసు నా వెనకాల వస్తాడు. పద్యానికి లెక్క ల్యాదు."

లెక్క లేకపోతే ఫిడేళ్ళు ఎక్కడ పడాలో కంప్యూటరుకు తెలియదు బావా, నువ్వు అడిగిన పెద్ద మేళం కావాలంటే ఇదొక్కటే దారి, అన్నాను. బావ హెడ్‌ఫోను మళ్ళీ సర్దుకున్నాడు. తొడ మీద వేలితో కొట్టుకుంటూ పాడాడు. మాత్రలు వేసుకుని వచ్చినట్టున్నాడు, గొంతు బాగా పలికింది. నాలుగో పాదం రాగం కూడా తెర మీద నేను వదిలిన తాళం గీతల మధ్య సరిగ్గా పట్టింది. ప్రతి పాదమూ గీత మీదే మొదలు! కొత్తవాళ్ళకు ఎంత చెప్పినా రాని పని, బావ రెండో దెబ్బకే చేసి చూపించాడు.

"బాగొచ్చిందా?"

బ్రహ్మాండంగా వచ్చింది బావా.

ఏదో అడగబోయి ఫ్లాస్కు మూత బిగించుకున్నాడు. మధ్యాహ్నం బస్సుకు పోయాడు.


మార్చి 15

ఫిడేళ్ళు పరిచాను పద్యం కింద. విన్నాను. సగంలోనే ఆపేశాను.


మార్చి 16

ప్రతి స్వరం ఎంత గట్టిగా పడాలో చేత్తో దిద్దుతున్నాను. ఒకటి మెత్తగా, ఒకటి కాస్త గట్టిగా. అన్నీ ఒకేసారి మొదలవకుండా ఒక్కో ఫిడేలును కొంచెం వెనక్కి జరిపాను. రెండింటిని రవ్వంత శ్రుతి తప్పించాను. నిజం మనుషులు తప్పుతారు కదా. కమాను పొడుగ్గా లాగిన స్వరాలు వేరుగా, తెంపి కొట్టినవి వేరుగా పెట్టాను. పియానోకు పెడల్ చప్పుడు లేదని చెక్క పలక మీద కాలితో తొక్కి, అది పట్టి కలిపాను. కుర్చీ కిర్రుమన్నది కూడా కలిపాను.

అన్నీ చేశాక కూర్చుని విన్నాను. శవానికి పౌడరు రాసినట్టుంది.


మార్చి 18

కరెంటు లేదు.

వచ్చింది. విన్నాను. రాకపోయినా బాగుండేది.


మార్చి 20

హాలు గుణం కోసం ఎకో కలిపాను. ఎక్కువైతే బావ ఎండిన బావిలో పడి అరుస్తున్నట్టుంది. తగ్గిస్తే ఫిడేళ్ళ జలుబు బయటపడుతోంది. మధ్యస్తంగా పెడితే రెండూ వినిపిస్తున్నాయి.

అటక మీది నా పాత ఫిడేలు దించి నాలుగు స్వరాలు నిజంగా వాయించి, ఆ గుంపులో దాచాను. ఒక్క నిజం ఫిడేలు ఉంటే మిగతావన్నీ నిజంలా వినపడతాయని ఎవరో అనేవారు. వినపడలేదు. నా ఫిడేలు కూడా అబద్ధంలా వినపడింది. దాన్ని పట్టుకుని చాలా రోజులైంది, వేళ్ళు వాచాయి.

బత్తలపల్లె ఆయన మళ్ళీ వచ్చి, "ఇంకా ఫిడేళ్ళు పెట్టప్పా, బాగా దట్టించు" అన్నాడు. దట్టించాను. ఆయన క్యాసెట్టులో ఇప్పుడు దేవుడు కూడా వినపడడు. చాలా సంతోషపడిపోయాడు.


మార్చి 22

అక్క ఫోను. సాయంత్రానికి గొంతు పూర్తిగా పడిపోతోందట. పొద్దున ఒక గంట కాస్త పలుకుతుంది, అంతే. డాక్టరు మాట్లాడొద్దన్నాడు.

"ఆ పాట అయిందా? దినామూ అడుగుతాండాడు. నోటితో కాదు, చేత్తో ఫిడేలు మాదిరి చేసి చూపిస్తాడు."

అవుతోంది అక్కా, అన్నాను. అబద్ధం. వారంగా ఒక్క అడుగు ముందుకు పడలేదు.


మార్చి 24

తప్పు ఎక్కడుందో చూద్దామని ఒక్కో వాద్యం మూసేస్తూ వచ్చాను. పియానో మూశాను. పెద్ద ఫిడేళ్ళు మూశాను. చిన్నవి మూశాను. చివరికి బావ గొంతు ఒక్కటే మిగిలింది.

అదే శవం.

మూడుసార్లు విన్నాను, తప్పు వింటున్నానేమో అని. కాదు. మా బావ పాడటం లేదు. లెక్కపెడుతున్నాడు. ప్రతి పాదం ముందు ఊపిరి తీసుకుని, క్లిక్ కోసం కాచుకుని ఉన్నాడు. రాజు పద్యం పాడే మనిషి, మంత్రిని తల వంచుకునేలా చేసే మనిషి — బస్సు కోసం నిలబడ్డవాడిలా కాచుకుని ఉన్నాడు. చివరి రాగం... అది రాగమే కాదు. నేనిచ్చిన ఖాళీని నింపాడు.

పది రోజులు డబ్బాలోని ఫిడేళ్ళకు ప్రాణం పోయాలని చూశాను. ప్రాణం ఉన్న ఒక్కదాన్నీ మొదటి రోజే తీసి పక్కన పెట్టింది నేనే. అంత తెలివిగా. బ్రహ్మాండంగా వచ్చింది బావా అని కూడా చెప్పి.

నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తోంది.


మార్చి 25

అక్కకు చెప్పాను, ఇంకోసారి పాడించాలి అని.

"నీకేమన్నా బుద్ధుండాదా? నిన్న దగ్గితే రక్తం పడింది. ఈడికి మైకు ఎత్తుకోని వస్తివంటే గేటు కాడే నిలబెడతా."

అక్క చెప్పింది న్యాయం. ఫోను పెట్టేశాక ఉన్నదాన్నే బాగుచేద్దామని కూర్చున్నాను. కోసి, సాగదీసి, జరిపి చూశాను. సాగదీసిన గొంతు గేదె అరుపులా ఉంది. అది బావ గొంతు. కంప్యూటరు ఆపేసి బయటికి వచ్చి కూర్చున్నాను.

పాడించకపోతే ఈ శవమే మిగులుతుంది. పాడిస్తే రక్తం పడుతుంది. ఎవరినీ అడగడానికి లేదు.


మార్చి 27

పోయాను. మైకు, టేపు, సంచిలో. తొలి బస్సు.

అక్క గేటు దగ్గర నిలబెట్టలేదు. నా సంచి వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సన్నబడ్డాడు. ఏమీ దాచకుండా చెప్పేశాను... క్లిక్ పెట్టడం తప్పు బావా, పద్యం చచ్చిపోయింది, నేనే చంపాను.

బావ నవ్వాడు. గుసగుసగా అన్నాడు.

"ఆ పొద్దే తెల్సు లేరా. టక్ టక్ అన్నప్పుడే."

మరి చెప్పలేదేం?

"నువ్వు అంత సంబరంగా ఉంటివి. ఆ తెర జూసి మురిసిపోతాంటివి. ఎందుకు చెప్పేదిలే అనుకున్నా."

 తిట్టి ఉంటే బాగుండేది. అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను.

లోపల్నుంచి అక్క వచ్చింది. వేడినీళ్ళ చెంబు బావ ముందు పెట్టింది. "ఒక్కసారే," అంది. నా వైపు చూడలేదు. "పొద్దెక్కితే గొంతు పోతాది. ఏం చేస్తావో బిరీన చెయ్."

వేరుశనగ మూటలు వేసే చెనక్కాయల గదిలో పట్టాం. రెండేళ్ళుగా పంట లేదు, గది ఖాళీ, మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయి. మూటలుంటే ఆ గదిని మించిన స్టూడియో ఉండదు. ఇంట్లోని బొంతలు, పరుపులు, ఖాళీ గోనెసంచులు అన్నీ తెచ్చి గోడలకు ఆనించాం. అక్క తన పెట్టెలోని పట్టుచీరలు కూడా తెచ్చి తాడు మీద వేసింది. బావ మధ్యలో నిలబడ్డాడు. కూర్చోమంటే ఒప్పుకోలేదు.

"రాజు కూచోని పాడతాడా?"

పాడాడు. హెడ్‌ఫోను లేదు, క్లిక్ లేదు. గొంతు పగిలిపోయి ఉంది, అయినా రాజు వచ్చాడు... మొదటి పాదం తర్వాత ఆగాడు, మంత్రి ముఖంలోకి చూసినట్టు. ఎంతసేపు ఆగాలో అంతసేపు. రెండో పాదం కోపంగా తోసుకుంటూ వచ్చాడు. మూడోది మెల్లగా.  అక్క గడప దగ్గర నిలబడి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

నాలుగో పాదం సగంలో దగ్గు. తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఎర్రగా.

ఇంకోసారి మొదలుపెట్టబోయాడు. అక్క మైకు ముందుకు వచ్చి నిలబడింది. "చాలు." బావ ఆమెను చూశాడు, నన్ను చూశాడు. చేతితో ఫిడేలు కమాను లాగినట్టు చేశాడు, మిగతాది వాటితో పాడించు అన్నట్టు.


మార్చి 29

గీతలన్నీ తీసేశాను తెర మీద నుంచి. లెక్క లేదు. బావ గొంతు చెవిలో పెట్టుకుని, కీబోర్డు మీద చేతులు పెట్టుకుని, ఆయన ఊపిరి తీస్తే ఆగుతూ, పాదం ఎత్తుకుంటే వెనక పోతూ వాయిస్తున్నాను. కాస్త ఆలస్యంగా. ఎప్పుడూ ఆయన వెనకే, ఓబులేసులాగా. ఆ ఓబులేసును ఎన్ని మాటలు అనుకున్నాను!

ముందు చిన్న ఫిడేళ్ళు. తర్వాత పెద్దవి, వేరేగా, మళ్ళీ మొదటినుంచి చేత్తో. ఒకటి నకలు తీసి ఇంకోటి చేయలేదు. పియానో రెండే చోట్ల, ఆయన ఆగినచోట. అదే దిక్కుమాలిన సీడీ, అవే నల్లకోట్లు. ఏమీ దిద్దలేదు. ఎకో కూడా కాస్తే.

విన్నాను. మనుషులు వాయిస్తున్నారు. బావ ఆగితే పద్దెనిమిది మందో ఎంతమందో కమాన్లు ఎత్తి ఆయన ముఖం చూస్తూ ఆగినట్టుంది. ఈ గదిలో ఇన్నేళ్ళలో నాకు అసహ్యం వేయని మొదటి పని.

నాలుగో పాదం సగం దాకా.


ఏప్రిల్ 1

ఆ సగానికి ఏం చేయను?

మొన్నటి క్లిక్ పద్యంలోని నాలుగో పాదం కోసి అతికించాను. శ్రుతి కలిపాను. అతుకు కూడా తెలియడం లేదు. బత్తలపల్లె ఆయనైతే ఎగిరి గంతేస్తాడు. నాకు తెలుసు... రాజు మూడున్నర పాదాలు పాడి వెళ్ళిపోయాక, బస్సు కోసం కాచుకున్నవాడొకడు వచ్చి ముగించాడు. తీసేశాను.


ఏప్రిల్ 2

ఉగాది. పచ్చడి తినలేదు.


ఏప్రిల్ 8

ఆపరేషను అయిపోయింది. బాగా జరిగిందని అక్క చెప్పింది. బాగా, అని రెండుసార్లు చెప్పింది.

చివరి రాగం ఫిడేళ్ళతో ముగించాను. బావ చేత్తో చెప్పినట్టే. దగ్గు ముందు దాకా ఆయన గొంతు, తర్వాత ఆయన రాగం తీసే దారిలో ఫిడేళ్ళు ఎక్కి, మెల్లగా దిగి ఆగిపోతాయి. మర్యాదగా ఉంది. నేను పాడితే ఎంతసేపు తీస్తానో అంతసేపు ఉంచాను. అంతకంటే నాకేం తెలుసు?


ఏప్రిల్ 19

బెంగళూరు. ఆస్పత్రి వరండా. ఫినాయిలు కంపు, గోడకు రాసుకున్న నూనె తలల మరకలు, వచ్చేపోయేవాళ్ళ చెప్పులు. ఇక్కడ బాగుపడి వెళ్ళేవాళ్ళు కూడా ముక్కు మూసుకునే వెళ్ళాలి.

బావ బెంచీ మీద కూర్చున్నాడు. మెడలో రంధ్రం, దాని మీద తెల్లటి గాజుగుడ్డ. ఊపిరి అక్కడ్నుంచే. గుడ్డ కదులుతూ ఉంటుంది... లోపలికి, బయటికి. ముందు అటువైపు చూడలేకపోయాను. తర్వాత అదే చూస్తూ ఉండిపోయాను.

టేపు చిన్నగా పెట్టాను, ముగ్గురికి వినపడేంత. పద్యం మొదలైంది. ఫిడేళ్ళు రాగానే బావ కళ్ళు పెద్దవయ్యాయి. నా చెయ్యి పట్టుకున్నాడు. రెండో పాదానికి పెదాలు కదలడం మొదలుపెట్టాయి. శబ్దం లేదు. ప్రతి పాదం ముందు గుడ్డ లోపలికి పోతోంది, పాడే మనిషి ఊపిరి తీసుకున్నట్టే, సరిగ్గా అక్కడే. అక్క ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

దగ్గు చోటు వచ్చింది. టేపులో గొంతు ఆగింది. బావ ఆగలేదు. నోరు తెరిచి రాగం అందుకున్నాడు. నా ఫిడేళ్ళు ఎక్కాయి, దిగాయి, మర్యాదగా ఆగిపోయాయి. టేపులో ఉత్త గరగర.

బావ నోరు ఇంకా తెరిచే ఉంది. గుడ్డ మెల్లమెల్లగా ఉబ్బుతోంది. కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి... ఇంకా పైకి పోతున్నాడు. వరండాలో ఎవరో చెంబు కింద పడేశారు. ఆయనకు వినపడలేదు.

అక్క నా వైపు చూసింది. మెల్లగా అంది.

"ఆయప్ప ఇంకా పాడ్తాండాడు గదరా. నువ్వు అప్పుడే ఆపేస్తివే."

బావ ముగించాడు. కళ్ళు తెరిచాడు. ఏడుస్తున్నాడా నవ్వుతున్నాడా తెలియలేదు. వేలు గుండ్రంగా తిప్పి చూపించాడు, మళ్ళీ అని.

మళ్ళీ పెట్టాను. ఈసారి ఇంకా పొడుగు తీశాడు.


ఏప్రిల్ 20

రాగం పెంచి చూశాను. చాలదు. ఇంకా పెంచాను, ఎక్కువైనట్టుంది. కొలత దొరకడం లేదు, ఆయన ఏ రెండుసార్లూ ఒకేలా తీయడు.

బెంగళూరు తీసుకుపోవడానికి చిన్న కీబోర్డు దుప్పట్లో చుట్టి పెట్టాను. ఆస్పత్రిలోకి రానిస్తారో లేదో. రానిస్తే బావకు ఎదురుగా కూర్చుని, మెడ మీది ఆ గుడ్డనే చూస్తూ వాయించాలి. ఆయన ఆపేదాకా.